దీపావళికి చలి తగిలితే ఉగాదికి పువ్వు: ఇంట్లో ఆర్కిడ్‌ని మళ్ళీ పూయించుకోవడం ఎలా

గృహప్రవేశానికో పెళ్లిరోజుకో ఎవరో ఒకరు ఆర్కిడ్ కుండీ తెచ్చి చేతిలో పెడతారు. తెల్లవో, వంకాయ రంగువో, అరచెయ్యంత పువ్వులు, వంగిన కాడకి వరసగా ఏడో ఎనిమిదో ఉంటాయి. రెండు నెలలపాటు ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ దాని గురించే అడుగుతారు, ఆ తర్వాత ఒక్కో పువ్వూ వడిలి రాలిపోయి నాలుగు మందపాటి ఆకులు, ఒక కాడ మిగులుతాయి, అక్కడితో చాలామంది ఇంక అయిపోయిందిలే అని పడేస్తారు. దయచేసి పడేయకండి. ఆ మొక్క చచ్చిపోలేదు, పూత అయిపోయింది అంతే, సరిగ్గా చూసుకుంటే ఏళ్ల తరబడి బతుకుతుంది, ఏడాదికోసారి పూస్తుంది.

మాది హైదరాబాద్‌లో నాలుగో అంతస్తు ఫ్లాట్, తూర్పు వైపు బాల్కనీ. మా ఇంటికొచ్చిన తెల్ల ఆర్కిడ్ మళ్ళీ పూయడానికి రెండేళ్లు పట్టింది. మొదటి చలికాలం అంతా హాల్లో టీవీ పక్కనే పెట్టుకుని నీళ్లు, ఎరువు, తడిబట్టతో ఆకులు తుడవడం అన్నీ చేశాను, ఒక్క కాడ కూడా రాలేదు. రెండో ఏడాది చేసిన మార్పు ఒక్కటే, దీపావళి వెళ్లగానే దాన్ని బాల్కనీ కిటికీ దగ్గరికి మార్చి రాత్రిపూట కిటికీ రెక్క తెరిచి ఉంచాను. డిసెంబర్ రెండో వారంలో కాడ కనిపించింది, ఉగాది ఇంకో నాలుగు రోజులుందనగా మొదటి పువ్వు విచ్చింది. అందుకే ఎవరడిగినా నేను ముందు చెప్పేది ఇదే, ఈ మొక్క పూయాలంటే దానికి చలి తెలియాలి, మనం మిగతా ఏడాదంతా చేసే పని ఆ చలి వచ్చేసరికి మొక్కని బలంగా ఉంచడం.

ముందు మీ దగ్గరున్నది ఏ ఆర్కిడ్డో చూసుకోండి

కాండం లాంటిది ఏమీ లేకుండా వెడల్పాటి మందపాటి ఆకులు అటొకటి ఇటొకటి మట్టానికే పరుచుకుని ఉంటే అది ఫెలనాప్సిస్. గిఫ్ట్‌గా వచ్చేవాటిలో ఎక్కువ ఇదే. సన్నటి చెరుకు గడల్లాగా కణుపులు కణుపులుగా నిలబడి పైన ఆకులుంటే అది డెండ్రోబియం, బొకేల్లో పెట్టే వంకాయ రంగూ తెలుపూ కలిసిన చిన్న పువ్వులు దానివే. ఈ రెండిటికీ పూసే లెక్క వేరు. ఇక్కడ నేను రాస్తున్నది ఎక్కువగా ఫెలనాప్సిస్ గురించి.

విజయవాడ, రాజమండ్రి, నెల్లూరు వైపు ఉన్నవాళ్లు కొత్తగా కొనుక్కుంటుంటే మాత్రం డెండ్రోబియంలో డెన్‌ఫాల్ రకం తీసుకోండి. దానికి వేడి అంటే భయం లేదు, చలితో పని లేదు, వానాకాలంలో కొత్త గడ లేచి అది పూర్తిగా ఎదిగాక కొస నుంచి పూల కాడ వేస్తుంది. ఎండ కొంచెం ఎక్కువ కావాలి, 50 శాతం షేడ్ నెట్ (సగం ఎండని ఆపే వల) కింద బాగుంటుంది. ఆకులు రాలిపోయి బోడిగా ఉన్న పాత గడలు చూసి ఎండిపోయాయనుకుని కోసేస్తుంటారు, కోయకండి, పచ్చగా గట్టిగా ఉన్నంతకాలం అవి మొక్కకి నీళ్లూ తిండీ దాచిపెట్టే గోదాములు, ఒక్కోసారి వాటికే మళ్ళీ పూలొస్తాయి. డెన్‌ఫాల్ గురించి ఇంతకన్నా పెద్దగా చెప్పక్కర్లేదు, అది మన ఎండకి బాగా అలవాటుపడే మొక్క.

ఇంకో సంగతి, మొక్క వయసు. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు సీడ్లింగ్, ఎన్‌బీఎస్, బీఎస్ అని రాస్తారు. సీడ్లింగ్ అంటే విత్తనం నుంచి వచ్చిన లేత మొక్క, బీఎస్ అంటే పూసే సైజు, ఎన్‌బీఎస్ అంటే దానికి దగ్గరపడిన సైజు. సీడ్లింగ్ చవగ్గా వస్తుంది కదా అని తెచ్చుకుంటే అది పూసే వయసుకి రావడానికే రెండు మూడేళ్లు పడుతుంది, అప్పటిదాకా మీరు ఎంత చలి చూపించినా ఏ బూస్టర్ కొట్టినా పువ్వు రాదు. ఫెలనాప్సిస్‌కి బాగా ఎదిగిన ఆకులు కనీసం నాలుగు ఉంటే ఆ ఏడు పువ్వు కోసం ఎదురుచూడొచ్చు. రెండాకులే ఉంటే ఈ చలికాలం వదిలేసి వచ్చే చలికాలం మీద పెట్టుకోండి.

వేళ్లు చూడండి, ఆకులు కాదు

మనం మొక్కంటే ఆకు చూస్తాం. ఆర్కిడ్ ఆరోగ్యం మాత్రం వేళ్లలో ఉంటుంది. ఇది అడవిలో మట్టిలో పెరగదు, చెట్టు కొమ్మని పట్టుకుని వేళ్లు గాలిలోకి వదిలి బతుకుతుంది. అలాగని మామిడిచెట్టు మీద బదనికలా చెట్టు రసం తాగేది కాదు, కేవలం ఆధారం కోసం పట్టుకుంటుంది, వాన నీళ్లూ, కొమ్మ మీద చేరిన చెత్తా దానికి చాలు. మన తూర్పు కనుమల అడవుల్లో కూడా వాండా జాతి ఆర్కిడ్లు చెట్ల మీద ఇలాగే పెరుగుతాయి (చూడ్డానికి వెళ్తే చూసి రండి కానీ పీక్కుని తెచ్చుకోకండి, ఆ కొమ్మ మీద బతికినట్టు మన బాల్కనీలో అవి బతకవు). కాబట్టి ఆర్కిడ్‌కి మట్టి వద్దు. కోకోపీట్ (కొబ్బరి పొట్టు) కూడా వద్దు, అది తడి పట్టి ఉంచుతుంది, వేళ్లకి ఊపిరాడదు.

గిఫ్ట్‌గా వచ్చిన మొక్క పూత అయిపోగానే ఒకసారి కుండీలోంచి బయటికి తీయండి. నెమ్మదిగా. వేళ్ల మధ్యలో, సరిగ్గా మొదలు కింద, చిన్న గిన్నెంత మాస్ (నాచు) ముద్ద ఉందేమో వేలితో తడమండి, చిన్న మొక్కగా ఉన్నప్పుడు పెంచిన ప్లగ్ అది, పైన బెరడు ముక్కలు ఎండిపోయినా లోపల ఇది వారాల తరబడి తడిగా ఉండి మొదలుని కుళ్లబెడుతుంది. దాన్ని కొంచెం కొంచెంగా లాగేయండి. వేళ్లని ఒక్కొక్కటి నొక్కి చూడండి, గట్టిగా ఉన్నది మంచిది, నొక్కితే మెత్తగా నీళ్లు కారి పైతోలు ఊడొచ్చి లోపల దారం లాంటిది మిగిలితే అది కుళ్లిన వేరు, కత్తెర మొనలు మంట మీద కాల్చి, చల్లారాక కత్తిరించేయండి. కోసిన చోట వంటింట్లో దాల్చినచెక్క పొడి కొంచెం అద్దండి, అది ఫంగస్‌ని ఆపుతుంది. మంచి వేళ్ల మీద మాత్రం పడనివ్వకండి, వాటిని ఎండబెట్టేస్తుంది.

కుండీలో వేసే మిక్స్ నేను ఇలా కలుపుకుంటాను: పైన్ బెరడు ముక్కలు సగం, బొగ్గులు పావు వంతు, కొబ్బరి పీచు ముక్కలు పావు వంతు. బొగ్గులు కొనడానికి ఎక్కడికో వెళ్లక్కర్లేదు, వీధి చివర ఇస్త్రీ బండి ఉంటే అడగండి, ఇంకా వెలిగించని కర్రబొగ్గు రెండు గుప్పెళ్లు ఇస్తారు, దాన్ని బొటనవేలి గోరంత ముక్కలు చేసి కడుక్కుంటే చాలు. కొబ్బరి ముక్కలు మాత్రం మూడు నాలుగు రోజులు నీళ్లల్లో నానబెట్టి రోజూ ఆ నీళ్లు పారబోయండి, మొదటిరోజు నీళ్లు టీ డికాషన్‌లా వస్తాయి, తేటగా వచ్చేదాకా మారుస్తూ ఉండాలి, అందులో ఉప్పు ఉంటుంది మరి. కుండీకి కింద, పక్కల చిల్లులుండాలి. నాకు నచ్చేది మాత్రం పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కుండీ, లోపల వేళ్ల రంగు కనబడుతుంది, ఆ రంగే మనకి అలారం.

నీళ్లు: తులసికి పోసినట్టు పోయకండి

మా అమ్మ ఊరి నుంచి వచ్చి నెలరోజులుంది ఒకసారి. నేను ఆఫీసుకి వెళ్లాక పొద్దున్నే తులసికోటకి పోసినట్టే భక్తిగా ఒక చెంబు దీనికీ పోసేది. ప్రేమతోనే. నెల తిరిగేసరికి కింది ఆకులు రెండు పసుపు తిరిగి ముడతలు పడ్డాయి, అయ్యో మొక్క ఎండిపోతోంది అని ఇంకో చెంబు ఎక్కువ పోసింది. అసలు విషయం ఏంటంటే వేళ్లు కుళ్లిపోతే నీళ్లు లాగలేవు, నీళ్లల్లో కూర్చునే మొక్క దాహంతో ఉంటుంది, అందుకే ఆకు ముడత పడుతుంది. నీళ్లు తక్కువైనా ముడతే, ఎక్కువైనా ముడతే. ఆకు చూసి నిర్ణయం తీసుకోకూడదు అన్నది అందుకే.

వేరు తడిగా ఉన్నప్పుడు ఆకుపచ్చగా ఉంటుంది. ఆరిపోయాక వెండి రంగుకి, బూడిద తెలుపుకి తిరుగుతుంది. కుండీ గోడకి ఆనుకున్న వేళ్లన్నీ వెండి రంగులో కనబడి, కుండీ ఎత్తితే తేలిగ్గా అనిపించిన రోజు నీళ్లు పోయండి, అప్పటిదాకా వద్దు. మా ఇంట్లో అయితే ఎండాకాలం రెండు మూడు రోజులకోసారి, చలికాలం వారానికోసారి, వానాకాలం ముసురు పట్టినప్పుడు ఎనిమిది తొమ్మిది రోజులు కూడా ఆగుతుంది. మీ ఇంట్లో లెక్క వేరుగా ఉండొచ్చు, క్యాలెండర్ కాదు వేరు రంగు చూడండి.

పోసేటప్పుడు కుండీని సింక్‌లో పెట్టి కింద నుంచి ధారగా కారేలా బాగా పోసి, నీళ్లు పూర్తిగా కారిపోనివ్వాలి. పొద్దున్నే పోయండి. ఆకుల మధ్యలో, కొత్త ఆకు పుట్టే గుంటలో నీళ్లు నిలవకూడదు, ఒక్క రాత్రి నిలిచినా అక్కడ కుళ్లు మొదలైతే మొక్క మొత్తం పోవచ్చు, ఇది ఒకే చోటు నుంచి పెరిగే మొక్క కాబట్టి ఆ గుంట పోయిందంటే పైకి పెరగడం అక్కడితో ఆగిపోయినట్టే. పొరపాటున పడితే టిష్యూ పేపర్ కొస మెలితిప్పి ఆ గుంటలో పెట్టండి, పీల్చేస్తుంది.

ఏ నీళ్లు? బోరు నీళ్లు వద్దు. హైదరాబాద్‌లో చాలాచోట్ల బోరు నీళ్లు ఎంత ఉప్పో బకెట్ అంచు మీద తెల్లటి చారలు చూస్తే తెలుస్తుంది, అవే చారలు ఆర్కిడ్ వేళ్ల మీద కూడా కట్టి కొసలు మాడిపోతాయి. ఆర్‌ఓ ఫిల్టర్ నుంచి బయటికి పోయే వేస్ట్ నీళ్లయితే ఇంకా ఉప్పు, వాటిని అసలు వాడకండి. వాన నీళ్లు పట్టుకుంటే అన్నిటికన్నా మంచిది, లేదంటే తాగే ఆర్‌ఓ నీళ్లు ఒక మగ్గు సరిపోతాయి.

వెలుతురు, తిండి

వెలుతురు తగ్గితే మొక్క చావదు, పూయదు. అందుకే చాలామందికి అర్థం కాదు, ఆకులు నిగనిగలాడుతున్నాయి కదా ఎందుకు పూయట్లేదు అంటారు. ముదురాకుపచ్చగా నిగనిగలాడుతుంటే దానికి వెలుతురు చాలట్లేదని అర్థం. లేత గడ్డి రంగులో ఉండాలి. పసుపు తిరిగినా, అంచుల్లో ఎర్రబారినా ఎక్కువైనట్టు. తూర్పు కిటికీ దొరికితే అదృష్టం, పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా పడే లేత ఎండ దీనికి సరిగ్గా సరిపోతుంది. పడమర ఎండ మాత్రం మార్చి తర్వాత ఒక్క మధ్యాహ్నంలో ఆకుని కాల్చి గోధుమరంగు మచ్చ వేస్తుంది, ఆ మచ్చ ఇంక పోదు. మధ్యాహ్నం ఆకుల మీద మీ చెయ్యి అడ్డం పెట్టి చూడండి, నీడ అంచులు మసకగా ఉంటే సరిపోయింది, కత్తితో కోసినట్టు ఉంటే పల్చటి కర్టెన్ వేయండి, నీడే పడకపోతే కిటికీకి దగ్గరికి జరపండి.

ఎరువు విషయానికొస్తే, విత్తనాలు, మందుల షాపుల్లో దొరికే 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే ఎరువు) నీళ్లల్లో కరిగేది చాలు. రెండు లీటర్ల నీళ్లకి ఒక గ్రాము. అంతే. పది రోజులకోసారి, అదీ వేళ్లు కాస్త తడిగా ఉన్నప్పుడు. నెలకోసారి ఎరువు లేని మామూలు నీళ్లు ధారగా పోసి లోపల పేరుకున్న ఉప్పు కడిగేయండి. బియ్యం కడిగిన నీళ్లు, మజ్జిగ, అరటితొక్కల నీళ్లు, ఉల్లిపొట్టు నీళ్లు గులాబీకీ కరివేపాకుకీ పోసుకోండి, మట్టిలో వాటిని అరాయించుకునే జీవులుంటాయి. బెరడు ముక్కల్లో అవి పులిసి, చిన్న చిన్న ఈగలు చేరి, బెరడు త్వరగా కుళ్లిపోతుంది.

అసలు స్టెప్: చలి

ఇక్కడ కొంచెం జాగ్రత్తగా చదవండి. ఫెలనాప్సిస్ వేడి 28 డిగ్రీలు దాటి ఉన్నంతకాలం ఆకులే వేస్తుంది. వాతావరణం చల్లబడి పగలు 25 దగ్గర, రాత్రి 18 నుంచి 20 దాకా నాలుగైదు వారాలు వరసగా ఉంటే అప్పుడు పూల కాడ వేయడానికి సిద్ధపడుతుంది. దక్కన్ మీద ఉన్న మనకి ఇది దేవుడిచ్చిన వరం, నవంబర్ నుంచి జనవరి దాకా హైదరాబాద్, వరంగల్ లాంటి చోట్ల నీడపట్టున దాదాపు ఇలాంటి వాతావరణమే ఉంటుంది. కానీ మనమేం చేస్తాం, చలికాలం కదా అని కిటికీలన్నీ మూసేసి మొక్కని హాల్లోకి తెచ్చుకుంటాం. హాల్లో రాత్రి కూడా 26 డిగ్రీలుంటుంది. దానికి చలికాలం వచ్చిందని తెలిసేదెలా?

కాబట్టి దీపావళి టపాసుల పొగ అంతా పోయాక, కార్తీక మాసం నడుస్తుండగా, మొక్కని ఎండ నేరుగా పడని బాల్కనీలోకో, రాత్రంతా తెరిచి ఉండే కిటికీ దగ్గరికో మార్చండి. గది వేడి చూపించే మామూలు థర్మామీటర్ ఒకటి కొని పక్కన పెట్టుకోండి, పొద్దున లేవగానే ఎంతుందో చూసుకుంటే ఊహాగానాలు ఉండవు. 14, 15 కి పడిపోయిన రాత్రులు లోపలికి తెచ్చేయండి, డిసెంబర్ నుంచి సంక్రాంతి దాకా ఇలాంటి రాత్రులు వస్తుంటాయి. నీళ్లు ఈ రోజుల్లో కొంచెం తగ్గించండి, పూర్తిగా మానేయకండి.

కోస్తాలో ఉన్నవాళ్లకి ఈ చలి డిసెంబర్ చివర, జనవరిలో కొద్ది వారాలే దొరుకుతుంది, అందుకని అక్కడ ఒక్క రోజు కూడా పోనివ్వకుండా డిసెంబర్ మొదట్లోనే బయటికి మార్చేయండి. అమెరికాలో మా చెల్లి వాళ్లింట్లో సమస్య ఇంకో రకం, చలికి కొదవ లేదు గానీ హీటర్ గాలికి గది ఎండిపోతుంది, తను సెప్టెంబర్, అక్టోబర్‌లోనే కిటికీ పక్కన పెట్టి చలి చూపించేసి, హీటర్ వేసే రోజులొచ్చాక కుండీ కింద పళ్లెంలో గులకరాళ్లు వేసి నీళ్లు పోస్తుంది, కుండీ అడుగు నీళ్లకి తగలకుండా.

వేరా? కాడా?

ఇక రోజూ పొద్దున్నే కాఫీ కప్పుతో వెళ్లి చూసే రోజులివి. పైనుంచి రెండో ఆకు, మూడో ఆకు మొదలు దగ్గర చూడండి. నాకు మొదటిసారి కనిపించినప్పుడు అది బియ్యపుగింజంత ఉంది, ఆకు మొదలుని చీల్చుకుని పక్కకి పొడుచుకొచ్చింది. వేరేమో అనుకున్నాను. నాలుగు రోజులకి సెంటీమీటర్ అయింది, అప్పుడు దగ్గరగా చూస్తే కొస గుండ్రంగా లేదు, కొంచెం చదునుగా, పసిపిల్లలకి తొడిగే వేళ్లులేని గ్లవ్ లాగా ఒక పక్క చిన్న మడత ఉంది. అదే గుర్తు. వేరు కొస గుండ్రంగా, నున్నగా మెరుస్తూ ఉంటుంది, కాస్త పెరగ్గానే కొస వెనకాల తెల్లటి పొర కప్పుకుంటూ వస్తుంది. కాడకి తెల్ల పొర రాదు, చివరి దాకా పచ్చగానో ఎర్రటి పచ్చగానో ఉంటుంది, వేరు ఎటైనా తిరుగుతుంది గానీ కాడ వెలుతురు వైపే లేస్తుంది. అనుమానంగా ఉంటే వారం ఆగండి, దానికదే తెలిసిపోతుంది, వేళ్లతో మాత్రం గిల్లి చూడొద్దు, లేత కాడ కొస చాలా సులువుగా విరిగిపోతుంది.

కాడ నుంచి పువ్వు దాకా మూడు నుంచి నాలుగు నెలలు

అవును, అంతకాలం. చాలామంది కాడ వచ్చింది కదా ఇంకో రెండు వారాల్లో పువ్వు అనుకుని, రాకపోయేసరికి కంగారుపడి ఎరువు రెట్టింపు చేస్తారు, చోటు మారుస్తారు, అక్కడే చెడుతుంది. ఈ నెలల్లో మీరు చేయాల్సింది అన్నిటికన్నా తక్కువ.

కుండీని తిప్పకండి. కాడ వెలుతురుని చూసుకుని వంపు తీసుకుంటుంది, ఇవాళ అటు రేపు ఇటు తిప్పితే మెలికలు తిరుగుతుంది, పువ్వులన్నీ ఒకే వైపు చూడవు. కుండీ మీద మార్కర్‌తో కిటికీ వైపు ఒక గీత గీసుకోండి, నీళ్లకి తీసినా మళ్ళీ అలాగే పెట్టొచ్చు. కాడ జానెడు అయ్యాక సన్నటి వెదురు పుల్ల గుచ్చి, జుట్టుకి పెట్టే చిన్న క్లిప్పుతో వదులుగా పట్టించండి. నేను ఆ పుల్ల మీద ప్రతి ఆదివారం పెన్సిల్‌తో గీత పెట్టేదాన్ని, మొదటి రెండు గీతలు దాదాపు పక్కపక్కనే ఉన్నాయి, జనవరి వచ్చేసరికి గీతకీ గీతకీ మధ్య రెండు వేళ్లు పట్టే అంత ఎడం వచ్చింది. ఎదుగుతోందా లేదా అన్న బెంగ ఆ గీతలు చూస్తే తీరిపోతుంది.

కాడ మీద చిన్న తియ్యటి జిగురు బొట్లు కనబడొచ్చు, చీమలు రావొచ్చు, బొట్లు మామూలే. కానీ ఆ వంకతో కణుపుల దగ్గర, ఆకు అడుగున తెల్లటి దూదిలాగా పిండినల్లి ఉందేమో చూడండి, ఉంటే చెవి పుల్లకి సర్జికల్ స్పిరిట్ ముంచి ఒక్కొక్కటీ తుడిచేయండి, ఐదారు రోజులకోసారి మూడు సార్లు చేస్తే గానీ పూర్తిగా పోదు. బాల్కనీలో అయితే నత్తలు కూడా చూసుకోవాలి, రాత్రికి రాత్రి మొగ్గ కొరికేస్తాయి.

మొగ్గలు రాలిపోవడం అన్నిటికన్నా బాధ పెడుతుంది. మూడు నెలలు ఎదురుచూసి, గోళీకాయంత అయిన మొగ్గ పసుపు తిరిగి ముట్టుకుంటే ఊడిపోతే మనసు చివుక్కుమంటుంది. మూడో ఏడాది నాకు అదే జరిగింది. శివరాత్రికి అత్తగారి ఊరి నుంచి చక్కెరకేళి గెల వచ్చింది, హాల్లో మూల వేలాడదీశాం, ఆర్కిడ్ దానికి నాలుగడుగుల దూరంలో ఉంది. గెల ముగ్గుతున్నకొద్దీ మొగ్గలు వాడుతూ వచ్చాయి, వారంలో తొమ్మిదింటిలో నాలుగు రాలిపోయాయి. పండే కాయల నుంచి ఇథిలీన్ అనే గ్యాస్ వస్తుంది, పళ్లని ముగ్గించేదీ అదే, మొగ్గల్ని రాల్చేదీ అదే. కాబట్టి మొగ్గలున్నన్ని రోజులూ అరటిపళ్లు, తర్వాత మామిడిపళ్లు ఆ గదిలో పెట్టకండి. అగరుబత్తి, సాంబ్రాణి పొగ కూడా దగ్గర్లో వద్దు, పొగలో కూడా అదే గ్యాస్ ఉంటుంది. ఏసీ గాలి, ఫ్యాన్ గాలి నేరుగా తగలకూడదు. ఇంటికి చుట్టాలొస్తున్నారని బాల్కనీలోంచి తీసుకొచ్చి హాల్లో టీపాయ్ మీద పెట్టడం కూడా అప్పుడే వద్దు, వెలుతురూ గాలీ ఒక్కసారిగా మారినా మొగ్గలు రాలుస్తుంది, కనీసం మూడు నాలుగు పువ్వులు విచ్చాక జరుపుకోండి.

ఇంకో జాగ్రత్త. కాడ ఇంకా చిన్నగా ఉన్నప్పుడే ఎండలు ముదిరితే ఒక్కోసారి మొగ్గలకి బదులు కణుపు దగ్గర బుల్లి ఆకులు వేస్తుంది, దాన్ని కైకీ అంటారు, పిల్లమొక్క అన్నమాట. నష్టమేం లేదు, దానికి రెండు మూడు వేళ్లు రెండంగుళాలు వచ్చాక కోసి వేరే కుండీలో పెట్టుకోవచ్చు, కానీ ఆ కణుపు పువ్వు మాత్రం పోయినట్టే. అందుకే ఫిబ్రవరి మధ్య నుంచి మధ్యాహ్నం ఎండ మొక్క మీద పడకుండా, గది చల్లగా ఉండేలా చూసుకోండి.

విచ్చుకోవడం మాత్రం త్వరగానే అయిపోతుంది. కాడ మొదట్లో ఉన్న మొగ్గ ముందు. ముందురోజు సాయంత్రం మొగ్గ అంచున సన్నటి గీతలా చీలిక కనబడుతుంది, పొద్దున్నకి బయటి రేకులు మూడూ విడిపోతాయి, లోపలి రెండు పెద్ద రేకులు ఇంకా ముడుచుకునే ఉంటాయి, రెండో రోజుకి అవి కూడా పరుచుకుంటాయి. మొదట కొంచెం పచ్చ ఛాయ, తర్వాత పాల తెలుపు. ఆ రెండు రోజులు మాత్రం ఎంత పనున్నా పొద్దునా సాయంత్రం చూసుకోండి, మిస్ అయితే మళ్ళీ ఏడాదిదాకా మొదటి పువ్వు దొరకదు.

పూత అయిపోయాక

కాడ ఇంకా పచ్చగా ఉండి మొక్కకి నాలుగైదు గట్టి ఆకులుంటే, కింద నుంచి మూడో కణుపు పైన అరంగుళం వదిలి కోయండి, ఆ కణుపు నుంచి రెండు మూడు నెలల్లో చిన్న కాడ ఒకటి రావొచ్చు. నేనైతే మన ఊళ్లల్లో అలా చేయొద్దనే అంటాను, ఏప్రిల్, మే ఎండల్లో మొక్క తనని తాను కాపాడుకోవడానికే కష్టపడుతుంటే దానితో ఇంకో పూత పూయించడం ఎందుకు. కాడని మొదలుకంటా కోసేసి, మిక్స్ వేసి రెండేళ్లు దాటి ఉంటే అప్పుడే దాన్ని మార్చి, కిటికీకి రెండడుగులు లోపలికి జరపండి. పగలు కూలర్ ఉన్న గదైతే ఇంకా మంచిది, గాలిలో తేమ దొరుకుతుంది, గాలి మాత్రం నేరుగా కొట్టకుండా చూసుకోండి. జూన్‌లో వానలు పడ్డాక కొత్త ఆకు ఒకటి మధ్యలోంచి తొంగిచూస్తుంది, అప్పటి నుంచి మళ్ళీ పది రోజులకోసారి ఎరువు మొదలుపెట్టి, దీపావళి దాకా ఒకే చోట ఉంచండి.